ఎయిర్ రైఫిల్‌తో నిలబడి కాలిస్తే 20 షాట్ల తర్వాత గ్రూప్ ఎడమకు జారిపోతోంది. పట్టులో తప్పు ఎక్కడ?

కరీంనగర్_క్యాడెట్ | మంగళవారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. ఎన్‌సీసీలో రెండేళ్లు .22 రైఫిల్‌తో పడుకుని కాల్చాను, గ్రూపింగ్ (షాట్లన్నీ ఒకే చోట గుంపుగా పడడం) బాగా వచ్చేది. ఆరు నెలల క్రితం 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ మొదలుపెట్టాను. క్లబ్ రైఫిలే, పీప్ సైట్ (చిన్న రంధ్రంలోంచి గురి చూసే అమరిక). కుడిచేతి వాటం.

నా సమస్య ఇది. మొదటి 15, 20 షాట్లు టార్గెట్ మధ్యనున్న 10 వలయం చుట్టుపక్కలే పడతాయి. తర్వాత మెల్లగా ఎడమకు పోతాయి. ముప్పయ్యో షాట్‌కి వచ్చేసరికి వరసగా ఎడమవైపు 8లు. సైట్‌ని కుడికి క్లిక్ చేసి సర్దుకుంటే ఆ రోజుకి గడిచిపోతుంది, మర్నాడు మొదటి షాట్లు కుడికి పడతాయి. ఎడమ భుజం మంటగా ఉంటుంది. గట్టిగా పట్టుకునే కొద్దీ వణుకు ఎక్కువవుతోంది.

ఎన్‌సీసీలో మాకు "మజ్‌బూత్ పకడ్, దురుస్త్ శిస్త్, సహీ ట్రిగర్ ఆపరేషన్" (గట్టి పట్టు, సరైన గురి, ట్రిగర్ సరిగ్గా నొక్కడం) అని నేర్పారు. పట్టు ఇంకా గట్టిగా ఉండాలా? 60 షాట్ల మ్యాచ్ అనగానే టెన్షన్ వస్తోంది.

పాత_హవల్దార్ | మంగళవారం, రాత్రి 10:15

తమ్ముడూ, పట్టు గట్టిగానే ఉండాలి. బట్‌ని, అంటే రైఫిల్ వెనక చివరని, భుజం గుంటలోకి లాగి పెట్టు, ఎడమ చేత్తో ముందు చెక్కని బాగా బిగించు, చెంప ఆనించు. పందొమ్మిదేళ్ల సర్వీసులో ఎంతోమంది రంగరూట్లకి (కొత్తగా చేరిన సిపాయిలకి) నేను నేర్పింది ఇదే. పట్టు వదులైతే గ్రూప్ చెదురుతుంది. నీకు చేతిలో బలం చాలట్లేదు. రోజూ పుషప్స్ కొట్టు, నెలలో తేడా చూస్తావు.

రేంజ్_అక్క | బుధవారం, ఉదయం 6:50

హవల్దార్ గారూ, మీ అనుభవానికి నమస్కారం. సర్వీస్ రైఫిల్ వెనక్కి తన్నుతుంది కాబట్టి అక్కడ ఆ బిగింపు కావాలి. 10 మీటర్ల రైఫిల్ సంగతి వేరండీ. దానికి తన్ను దాదాపు లేదు. బరువు మాత్రం ఉంటుంది, నిబంధన ప్రకారం 5.5 కిలోల దాకా ఉండవచ్చు. ఆ బరువుని గంటకు పైగా, 60 సార్లు ఎత్తి దించాలి. ఆ పని కండ మీద పెట్టుకుంటే ఎంత బలవంతుడికైనా ముప్పయ్యో షాట్ దగ్గర ఇదే జరుగుతుంది.

తమ్ముడూ, నేను పన్నెండేళ్లుగా పిల్లలకి నేర్పుతున్నాను. నువ్వు రాసింది చదవగానే ఒకటి తోచింది. నీ రైఫిల్ అసలు చూస్తున్నది టార్గెట్‌ని కాదు, దానికి కాస్త ఎడమగా చూస్తోంది. నువ్వు భుజంతో దాన్ని కుడికి నెడుతూ మధ్యకి తెచ్చి కాలుస్తున్నావు. భుజంలో ఓపిక ఉన్నంతసేపు 10 పడుతుంది. ఓపిక అయిపోగానే రైఫిల్ తనకి ఇష్టమైన చోటికి వెళ్లిపోతుంది. నీ గ్రూప్ ఎడమకు జారడం లేదు, తన సొంత చోటికి తిరిగి వెళుతోంది.

పరీక్ష ఇలా చెయ్యి. పెల్లెట్ (ఎయిర్ రైఫిల్ గుండు) లేకుండా, రేంజ్ ఆఫీసర్ అనుమతితో, గొట్టం టార్గెట్ వైపే ఉంచి పొజిషన్‌లోకి వెళ్లు. చెంప ఆనించి సైట్ చూసుకో. కళ్లు మూసుకో. రెండుసార్లు ఊపిరి తీసి వదులు, ఒళ్లంతా వదిలెయ్యి. ఇప్పుడు కళ్లు తెరువు. సైట్ ఎక్కడుందో చూసి ఇక్కడ రాయి. ముందే సరిదిద్దుకోకు.

ఇక ఎడమ చేతి సంగతి. రైఫిల్‌ని చెయ్యి పట్టుకోకూడదు, మొయ్యాలి. ఇంకా చెప్పాలంటే చెయ్యి కూడా మొయ్యకూడదు, ఎముక మొయ్యాలి. బిందె చంకన పెట్టుకున్న మనిషిని చూడు. తుంటిని ఒక పక్కకి తోసి, నడుమును రెండో పక్కకి వాల్చి, బరువంతా ఎముక మీద వేసి హాయిగా నడుస్తుంది. ఆవిడ చేయి బిందె పక్కకి పోకుండా ఆపుతుంది, అంతే. మన స్టాండింగ్ పొజిషన్ కూడా అదే పద్ధతి. ఎడమ తుంటిని టార్గెట్ వైపు కొంచెం ముందుకి తోయి. ఎడమ మోచేతిని నడుం పక్కన చేతికి తగిలే గట్టి ఎముక అంచు మీద, లేదా దానికి కాస్త ముందుగా ఆనించు. ముంజేయి దాదాపు నిటారుగా రైఫిల్ కిందికి రావాలి. నడుం పైభాగం కొద్దిగా వెనక్కి వాలాలి. అప్పుడు నీ బరువు, రైఫిల్ బరువు కలిసి రెండు పాదాల మధ్య పడతాయి.

మోచేయి అందరికీ ఆ ఎముక దాకా అందదు. ఆడపిల్లలకి సాధారణంగా తేలిగ్గా అందుతుంది. మొండెం పొడుగ్గా, చేతులు పొట్టిగా ఉన్న మగపిల్లలకి అందకపోతే పై చేతిని పక్కటెముకలకి ఆనించి కుదుర్చుకోవాలి. పక్కవాడి పొజిషన్ చూసి నడుం విరుచుకోవద్దు.

అరచేతి ఆకారం నీ మెడ పొడవుని బట్టి ఉంటుంది. పిడికిలి మీద పెట్టుకునేవాళ్లున్నారు, బొటనవేలు ఒక పక్క, మిగతా వేళ్లు ఒక పక్క పెట్టి ఎత్తు పెంచుకునేవాళ్లున్నారు. తల నిటారుగా ఉండి, సైట్ కంటి దగ్గరికి రావాలి. కన్ను సైట్ దగ్గరికి వంగకూడదు. ఆ ఎత్తు ఏ ఆకారంతో కుదిరితే అది నీది.

నెల్లూరు_నాన్న | బుధవారం, ఉదయం 8:05

అక్కగారూ, మధ్యలో అడుగుతున్నందుకు క్షమించండి. మా అమ్మాయికి 13 ఏళ్లు. రైఫిల్ ఊగుతోందని, మంచి జాకెట్ కొంటే ఆగుతుందని ఎవరో చెప్పారు. గగన్ నారంగ్ హైదరాబాద్‌లో పెరిగి 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చినప్పటి నుంచి మా ఇంట్లో ఈ ఆట అంటే ప్రాణం. అప్పు చేసైనా కొంటాను. కొనమంటారా?

రేంజ్_అక్క | బుధవారం, ఉదయం 8:30

అన్నా, అప్పు చేయొద్దు. 13 ఏళ్ల పిల్ల ఏడాదిలో ఎదిగిపోతుంది, కొలతలకి కుట్టించిన జాకెట్ పనికిరాకుండా పోతుంది. జాకెట్ నడుముకి ఆసరా ఇస్తుంది, గుండె చప్పుడు రైఫిల్‌కి తగలకుండా కొంత ఆపుతుంది, నిజమే. కానీ తప్పు పొజిషన్ మీద గట్టి జాకెట్ వేస్తే ఆ తప్పే గట్టిపడుతుంది. పైగా దానికీ కొలతలున్నాయి. మందం ఒక పొరకి 2.5 మిల్లీమీటర్లు దాటకూడదు, బిగుతుని కూడా పరికరంతో కొలుస్తారు. ఎంత ఖరీదు పెట్టినా అది ఇనప కవచం కాదు. ఇప్పటికి క్లబ్ జాకెట్ చాలు. ముందు కాళ్లకి బల్లపరుపు అడుగున్న బూట్లు చూడండి. తేడా అక్కడ ముందు తెలుస్తుంది.

కరీంనగర్_క్యాడెట్ | బుధవారం, రాత్రి 8:55

అక్కా, చేశాను. కళ్లు తెరిచేసరికి సైట్‌లో మన నల్ల చుక్క లేదు! పక్క లేన్ టార్గెట్ అంచు కనిపించింది. ఎడమవైపే. మూడుసార్లు చేశాను, మూడుసార్లూ అంతే. ఆరు నెలలుగా నేను పక్క లేన్ వైపు నిలబడి ఇక్కడ కాలుస్తున్నానన్నమాట. నమ్మలేకపోతున్నాను.

ఇప్పుడేం చేయాలి? నడుమును కుడికి తిప్పనా?

రేంజ్_అక్క | బుధవారం, రాత్రి 9:10

నడుము తిప్పావో, మళ్లీ కండే వస్తుంది. పాదాలు తిప్పాలి. కుడిచేతి వాటం వాళ్లకి రైఫిల్ కుడికి పోవాలంటే కుడి పాదాన్ని వీపు వైపుకి, అంటే వెనక్కి జరపాలి. ఎడమకు పోవాలంటే ముందుకి జరపాలి. ఎడమ పాదాన్ని ఇరుసులా ఉంచు, అది కూడా కొంచెం తిరుగుతుంది. జరిపిన ప్రతిసారీ కళ్లు మూసే పరీక్ష మళ్లీ చెయ్యి. కళ్లు తెరవగానే చుక్క మధ్యలో ఉండేదాకా ఒక్క పెల్లెట్ కూడా పెట్టొద్దు.

పైకి కిందికి తేడా వస్తే పాదాలతో పని లేదు. ఎడమ చెయ్యిని రైఫిల్ కింద ముందుకో వెనక్కో జరపడం, బట్ ప్లేట్ ఎత్తు మార్చడం చెయ్యి.

లెక్కల_మాస్టారు | బుధవారం, రాత్రి 10:20

ఆసక్తి పుట్టి లెక్క వేశాను. పాదాల మధ్య దూరం 35 సెంటీమీటర్లు అనుకుందాం. టార్గెట్ 10 మీటర్లు. ఒళ్లంతా ఒకే చెక్కలా తిరుగుతుందనుకుంటే వెనక పాదం 1 మిల్లీమీటరు జరిగితే టార్గెట్ దగ్గర గురి దాదాపు 29 మిల్లీమీటర్లు జరుగుతుంది. నల్ల చుక్క మొత్తం వ్యాసం 30.5 మిల్లీమీటర్లే! మన ఒళ్లు చెక్క కాదు కాబట్టి అంత కచ్చితంగా జరగదు, కానీ పాదం విషయంలో ఎంత జాగ్రత్త కావాలో తెలుస్తుంది.

ఇంకొకటి. 10 వలయం 0.5 మిల్లీమీటర్ల చుక్క, పెల్లెట్ 4.5 మిల్లీమీటర్లు. పెల్లెట్ అంచు ఆ చుక్కని తాకినా చాలు, అంటే పెల్లెట్ మధ్యభాగం కేంద్రం నుంచి 2.5 మిల్లీమీటర్ల లోపు ఉంటే 10. ముందు, వెనక సైట్ల మధ్య 80 సెంటీమీటర్లు ఉంటే, ముందు సైట్ 0.2 మిల్లీమీటర్లు పక్కకి పోతే చాలు, 10 పోయి 9 వస్తుంది. రెండు, మూడు కాగితాల మందం. దీన్ని చేతి బలంతో ఆపగలమా చెప్పండి. 2008 బీజింగ్ ఒలింపిక్స్ ఫైనల్లో అభినవ్ బింద్రా ఆఖరి షాట్ 10.8 (ఫైనల్లో ఒక్కో షాట్‌ని దశాంశాల్లో కొలుస్తారు) అని చదివినప్పుడు నాకు అది అంకె మాత్రమే. ఈ లెక్క వేశాక గౌరవం ఇంకా పెరిగింది.

పాత_హవల్దార్ | గురువారం, ఉదయం 5:45

రాత్రంతా ఆలోచించాను. ఎన్‌సీసీ క్యాడెట్లకి నేర్పే మనవడి ఎయిర్ రైఫిల్ తీసుకుని, ఖాళీ అని రెండుసార్లు చూసుకుని, అక్కగారు చెప్పిన కళ్లు మూసే పరీక్ష నేనూ చేశాను. గోడ మీద గుర్తు పెట్టుకున్నాను. నాది కూడా తప్పింది.

తమ్ముడూ, నేను చెప్పిన మాట సరిదిద్దుకుంటున్నాను. మజ్‌బూత్ పకడ్ అంటే పిసకడం కాదు. మా ఉస్తాద్ పడుకున్న పొజిషన్‌లో స్లింగ్ (రైఫిల్‌ని చేతికి బిగించే పట్టీ) కట్టించి "ఎడమ చేతి వేళ్లు తెరువు" అనేవాడు. వేళ్లు తెరిచినా రైఫిల్ కదలకపోతే అది మజ్‌బూత్. వేళ్లు తెరవగానే పడిపోతే నువ్వు దాన్ని చేత్తో మోస్తున్నావని అర్థం. ఇన్నేళ్లు ఆ మాట చెబుతూ దాని లోపలి అర్థం మర్చిపోయాను. పట్టు ప్రతిసారీ ఒకేలా ఉండడమే దాని మజ్‌బూతీ. పుషప్స్ వద్దని మాత్రం అనను.

రేంజ్_అక్క | గురువారం, ఉదయం 6:20

హవల్దార్ గారూ, ఆ వేళ్లు తెరిచే పరీక్షని ఈ రోజు నుంచి నా పిల్లలకి చేయిస్తాను. థాంక్స్ అండీ.

ఓపెన్‌సైట్_వరంగల్ | గురువారం, మధ్యాహ్నం 1:30

స్ప్రింగ్ రైఫిల్‌తో ఓపెన్ సైట్ (పీప్ రంధ్రం లేని మామూలు సైట్) విభాగంలో కాల్చేవాళ్ల కోసం ఒక మాట. మన దేశంలో చాలామంది మొదలుపెట్టేది దానితోనే. స్ప్రింగ్ రైఫిల్లో పెల్లెట్ గొట్టం దాటకముందే లోపల పిస్టన్ ముందుకు దూకి రైఫిల్‌ని కదిలిస్తుంది. గట్టిగా బిగిస్తే ఆ కదలిక మన చేతికి తగిలి ప్రతిసారీ ఒక్కో రకంగా తిరుగుతుంది. అందుకని తెరిచిన అరచేతి మీద రైఫిల్‌ని ఊరికే కూర్చోబెట్టాలి, దాన్ని కదలనివ్వాలి. అరచేయి ప్రతి షాట్‌కీ ఒకే చోట ఉండాలి. నేను ముందు చెక్క మీద చిన్న టేపు ముక్క అంటించి గుర్తు పెట్టుకున్నాను. గట్టి బల్ల మీద, గట్టి ఆసరా మీద పెట్టి కాల్చి "సైట్ సరిచేశాం" అనుకునేవాళ్లున్నారు. చేతిలోకి తీసుకోగానే గ్రూప్ వేరే చోట పడుతుంది. చేతితో కాల్చేవాళ్లు సైట్ కూడా చేతితోనే సరిచేసుకోవాలి.

ఫిజియో_విశాఖ | గురువారం, సాయంత్రం 7:00

ఎముక మీద మోయమన్నారు కదా, అందులో ఒక హెచ్చరిక చేర్చాలి. ఆ వాలు, ఆ మెలిక రెండూ కలిసి నడుం కింది వెన్నుపూసల మీద ఒక పక్కే ఒత్తిడి పెడతాయి. మా దగ్గరికి వచ్చే కుర్ర షూటర్లలో ఎక్కువమంది చెప్పేది నడుం కింద నొప్పే. ప్రతి షాట్ తర్వాత రైఫిల్‌ని స్టాండ్ మీద దించండి. పది షాట్లకోసారి రెండో పక్కకి వంగి నడుమును వదులు చేయండి. ఇంట్లో ప్లాంక్, పక్క ప్లాంక్, ఒంటి కాలి మీద నిలబడడం. పుషప్స్ కన్నా ఇవి ఈ ఆటకి ముఖ్యం. కాలిలోకి జాలుగా నొప్పి దిగితే మాత్రం ప్రాక్టీస్ ఆపి డాక్టర్‌కి చూపించుకోండి. ఓర్చుకోవద్దు. ఈ ఒక్క మాట బతిమాలి చెబుతున్నాను.

తమ్ముడి_కోసం | శుక్రవారం, రాత్రి 9:30

మా తమ్ముడు పారా షూటర్, ఎస్‌హెచ్2 విభాగం. చేతిలో బలం లేనివాళ్లకి ఆ విభాగంలో స్ప్రింగ్ ఉన్న స్టాండ్ అనుమతిస్తారు, రైఫిల్ బరువుని అదే మోస్తుంది. మొదట్లో మేమూ స్టాండ్ ఉంది కదా, ఇక కదలదు అనుకున్నాం. కదులుతుంది. చక్రాల కుర్చీ టార్గెట్‌కి సరైన కోణంలో లేకపోతే వాడూ భుజంతో నెట్టేవాడు, ఇరవై షాట్ల తర్వాత ఇదే కథ. ఇప్పుడు పాదాల బదులు కుర్చీ చక్రాలని సర్దుతాం, కళ్లు మూసి తెరిచే పరీక్ష వాడూ చేస్తాడు. చక్రాల దగ్గర నేల మీద నేను సుద్దతో గీత గీస్తాను.

పారా షూటర్ అవనీ లేఖరా కాల్చే ఎస్‌హెచ్1 స్టాండింగ్‌లో స్టాండ్ ఉండదు, చేతులతోనే ఎత్తాలి. ఆమె టోక్యో, పారిస్ పారాలింపిక్స్ రెండింటిలోనూ 10 మీటర్లలో స్వర్ణం గెలిచింది. ఆమె గెలిచిన రోజు మా తమ్ముడు అన్నం తినలేదు, ఆనందంతో.

కరీంనగర్_క్యాడెట్ | మూడు వారాల తర్వాత, ఆదివారం, సాయంత్రం 5:15

అందరికీ చెప్పాలని వచ్చాను. మొదటి వారం స్కోర్ పడిపోయింది. మోచేయి నడుం ఎముక దాకా అందలేదు, పక్కటెముకలకి ఆనించాను, ఒళ్లంతా కొత్తగా ఉంది. వదిలేసి పాత పద్ధతికి వెళ్లిపోదామనిపించింది. అక్క మెసేజ్ గుర్తు తెచ్చుకుని పెల్లెట్ పెట్టకుండా నాలుగు రోజులు ఖాళీగానే ఎత్తి దించాను. ఇంట్లో తెల్ల గోడ ముందు 30 సెకన్ల చొప్పున పదిసార్లు. 3 మీటర్ల దూరంలో 9 మిల్లీమీటర్ల నల్ల చుక్క గీసుకున్నాను, మాస్టారి లెక్క ప్రకారం అది రేంజ్‌లో చుక్కంతే కనిపిస్తుంది.

రేంజ్ వాళ్లని అడిగి నా పాదాల చుట్టూ సుద్దతో గీసుకున్నాను. ఇప్పుడు లేన్‌లోకి వెళ్లగానే ముందు ఆ పని, తర్వాతే సైట్.

నిన్న క్లబ్‌లో 60 షాట్లు పూర్తిగా కాల్చాను. అంతకుముందు 576 దాటలేదు, నిన్న 591.3. అంతకన్నా సంతోషం ఏమిటంటే ఆఖరి 10 షాట్ల గ్రూప్ మొదటి 10 షాట్ల మీదే కూర్చుంది. సైట్ ఒక్క క్లిక్ కూడా మార్చలేదు. భుజం మంట లేదు.

ఒక్క సమస్య మిగిలింది. కొన్ని షాట్లు ఉన్నట్టుండి కిందికి, 6 గంటల వైపు పడుతున్నాయి.

రేంజ్_అక్క | ఆదివారం, సాయంత్రం 6:00

చదివి కళ్లు చెమర్చాయి తమ్ముడూ. మొదటి వారం పడిపోయినా ఆగావు చూడు, అది కష్టమైన పని.

కిందికి పడేవి ఎక్కువసేపు పట్టుకున్న షాట్లేమో చూసుకో. ఊపిరి వదిలాక ఆపిన ఆ విరామంలో మంచి సమయం ఆరు నుంచి ఎనిమిది సెకన్లు. పది దాటితే కంటికి చుక్క మధ్యలోనే ఉన్నట్టు కనిపిస్తుంది, కానీ కన్ను అప్పటికే అలసిపోయి పాత బొమ్మనే చూపిస్తుంది. దించెయ్యి. దించడం తెలిసినవాళ్లే ఈ ఆటలో నిలుస్తారు. రెండో కారణం, షాట్ పేలగానే స్కోర్ చూపించే స్క్రీన్ చూడాలని తల ఎత్తడం. ఎయిర్ రైఫిల్లో పెల్లెట్ మెల్లగా పోతుంది, గొట్టం దాటేదాకా నువ్వు ఆ పొజిషన్‌లోనే ఉండాలి. ట్రిగర్ తర్వాత రెండు సెకన్లు చెంప తీయకు.

కరీంనగర్_క్యాడెట్ | ఆదివారం, సాయంత్రం 6:25

రెండోదే అక్కా. స్క్రీన్ చూడాలని ఆత్రం. రేపటి నుంచి స్క్రీన్ పక్కకి తిప్పేస్తాను.

2024 పారిస్ ఒలింపిక్స్‌లో స్వప్నిల్ కుసాలే 50 మీటర్ల త్రీ పొజిషన్స్‌లో (మోకాలి మీద, పడుకుని, నిలబడి కాల్చేది) కాంస్యం గెలిచినప్పటి నుంచి నాకూ మోకాలి మీద కాల్చాలని ఉంది. అందులో స్లింగ్ ఉంటుంది కదా. ఎప్పుడు మొదలుపెట్టొచ్చు?

పాత_హవల్దార్ | ఆదివారం, రాత్రి 8:10

అది నేను చెబుతాను తమ్ముడూ, నాకు తెలిసిన చోటు. స్లింగ్ మోకాలి మీద, పడుకుని కాల్చేటప్పుడు మాత్రమే. స్టాండింగ్‌లో అనుమతి లేదు. పై చేతికి బాగా పైన కట్టు. మోచేయి దగ్గరికి జారితే నాడి తగిలి సైట్ గుండెతో పాటు కొట్టుకుంటుంది, లెక్కపెట్టొచ్చు కూడా. మోకాలి పొజిషన్‌లో మోచేతి మొనని మోకాలి చిప్ప మీద పెట్టకు, రెండు గుండ్రటి ఎముకలు ఒకదాని మీద ఒకటి నిలవవు. మొనకి కాస్త పైన ఉన్న చదును భాగాన్ని మోకాలి మీద ఆనించు. కుడి పాదం కింద రోల్ (గుండ్రటి చిన్న దిండు) పెట్టి మడమ మీద పూర్తిగా కూర్చో, బరువులో ఎక్కువ భాగం అక్కడే పడాలి. కాలు తిమ్మిరెక్కుతుంది, మొదట పది నిమిషాలతో మొదలుపెట్టు.

కూర్చున్నాక కళ్లు మూసుకుని తెరువు. ఎక్కడ చూస్తోందో ఇక్కడ రాయి.